వలల పాకలో చోటు

మా పేటలో వలల పాక ఒక్కటే. నౌపడ ఉప్పుమళ్లు దాటి ఇసకదిబ్బ ఎక్కితే సముద్రం కంటే ముందు అదే కనిపిస్తుంది. తాటాకు కప్పు, మూడు వైపులా తడికలు, సముద్రం వైపు ఏమీ లేదు. ఏడాది పొడుగునా అందులో వలలు, తాళ్లు, విరిగిన తెడ్లు పడి ఉంటాయి. వానలు తగ్గి గాలి మళ్లే రోజుల్లో మాత్రం మా ముసలివాళ్లుంటారు.

ఎందుకంటే ఆ రోజుల్లోనే ఏటా రొంపజ్వరం వస్తుంది. ఒక ఇంట్లో తుమ్మితే వారం తిరక్కుండా పేటంతా దగ్గుతుంది. పడుచువాళ్లు నాలుగు రోజులు మూలిగి, లేచి బోటెక్కేస్తారు. ముసలివాళ్లే లేవరు. మా మావగారు అలాగే పోయాడట, నేను కోడలిగా రాకముందు. ఆ ఏడే ఇంకా కొందరు ముసలివాళ్లు పోయారట. అప్పుడు పేటంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకుంది. మొదటి దగ్గు వినపడగానే ముసలివాళ్లు చాపలు చంకన పెట్టుకుని పాకకి వెళ్లిపోవాలి. ఇంట్లో ఆడవాళ్లు పని పంచుకోవాలి. పాకకి గంజి మోసే మనిషి జ్వరం మంచం దగ్గరికి పోకూడదు. జ్వరం మంచం చూసుకునే మనిషి పాక వైపు అడుగు పెట్టకూడదు.

అంతే. అప్పట్నుంచి చావులు తగ్గాయి. నేను ఎండుచేపల గంప పట్టుకుని కోటబొమ్మాళి సంతకి పోతే, చేపల వాసనకి ముక్కు మూసుకునేవాళ్లు చాలామంది. ముక్కు మూసుకుంటే మూసుకోండి, ఇంత తెలివైన పద్ధతి మీ ఊళ్లలో ఉందా అని మనసులో అనుకునేదాన్ని. ఆ పొగరు నాకు ఉండేది. లేదని ఎందుకు చెప్పాలి?

పాకలో గుంజ పక్కన చోటు మా అత్త కూర్మమ్మది. గాలి నేరుగా వచ్చి మొహానికి తగిలే చోటది. ఆవిడ అక్కడ కాళ్లు చాపుకుని కూర్చుని, చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లోకి పెట్టుకుని, ఆ అడ్డపొగ పీలుస్తూనే పేటలో అందర్నీ తిట్టేది. నిప్పు నోట్లో ఉండగా మనిషి అంత స్పష్టంగా ఎలా తిట్టగలదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండువేల పదిలో టీవీ పెడితే చాలు, స్వైన్ ఫ్లూ. మొహాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు, ఆసుపత్రి వరండాలు. నేను చూడలేక లేచిపోయేదాన్ని, వంటింట్లో నిలబడి మళ్లీ చెవులు అటే పెట్టేదాన్ని. మొదట్నుంచీ నేను పిరికిదాన్నే. నోరు పెద్దది, గుండె చిన్నది.

"పందిజొరమంట. మనం పందుల్ని పెంచుతామేటి, మనకి రావడానికి?" అంది మా అత్త.

"పందుల్నించి కాదత్తా, ఇప్పుడు మనిసి నించి మనిసికే వస్తాదంట," అన్నాను.

మా ఆయన ఎల్లాజీ వల కుట్టుకుంటూ తలెత్తకుండానే తేల్చేశాడు. "టీవీలో డాట్రే సెప్పినాడు. ఏటా వచ్చే రొంపజొరంతోనే దీనికంటే ఎక్కువమంది పోతారంట. దానికే బయపడనోళ్లం, దీనికి బయపడతామేటి?"

ఆ మాట పేటంతా పాకింది. ఎక్కడ భయం కనిపించినా దానిమీద ఆ మాట కప్పేవారు. నేనూ కప్పుకున్నాను. కానీ నాకు నిద్ర పట్టేది కాదు, ఎందుకంటే మా ఇంట్లో నా తోడికోడలు తులసి కడుపుతో ఉంది. నాకు పిల్లల్లేరు. పెళ్లయి పదేళ్లు దాటాక ఆ ఇంట్లో ఒక పసిదాని ఏడుపు వినబోతున్నామంటే, తులసి కంటే నాకే ఆత్రం ఎక్కువ. అది నడుస్తుంటే గచ్చుమీద నీళ్లు లేకుండా తుడిచేదాన్ని. "అక్కా, నువ్వు సూస్తే సాలు, నాకు దిష్టి తగిలేట్టున్నాది," అని నవ్వేది.

మా పేట మగవాళ్లలో సగం మంది గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద పనికి పోతారు. తులసి మొగుడు, నా మరిది వినోద్, ఆ ఏడు శ్రావణంలో వెళ్లి భాద్రపదం చివర జ్వరంతో తిరిగొచ్చాడు. బోటుమీద తనతోపాటు ఇంకొందరికి జ్వరమొస్తే యజమాని ఇళ్లకి పొమ్మన్నాడట. రైళ్లు మారి, నౌపడలో దిగి, ఆటోలో వచ్చాడు. దిగుతూనే గోడ పట్టుకున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

కొడుకుని చూసిన సంతోషం మా అత్త మొహం మీద ఒక్క క్షణం కూడా నిలవలేదు.

"ఒరే, అక్కడే ఉండు, నా దగ్గిరికి రాకు!" అని అరిచి, చాప చుట్టుకుని, చుట్టల పొట్లం బొడ్లో దోపుకుని పాకకి బయల్దేరింది. పోతూ పోతూ పని పంచేసింది. "దేవీ, పెద్దకోడలివి, గంజి నువ్వట్టుకురా. తులసీ, నీ మొగుణ్ణి నువ్వు సూసుకో. వయసుమీదున్నావు, నీకేటీ కాదు."

నాకు ఎక్కడో చురుక్కుమంది. "ఏడో నెల పిల్ల, వంగి లేవడం కష్టం కదత్తా. నాను సూసుకుంటాను, గంజి అది తెస్తాది," అన్నాను.

"ఏడో నెల్లో ఇసకలో గంజి తపేలా మోయిస్తావేటే దానిసేత? జారిపడితేనో? ఇంటిపట్టునుంటే అదే దానికి మేలు."

మాట సబబుగానే ఉంది. ఇసకలో కాలు జారుతుందని అందరం భయపడ్డాం. తులసి "అలాగేనత్తా," అని వినోద్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆ గదిలోకి దాన్ని మేమే పంపాం. తలుపు కూడా నేనే దగ్గరగా వేశాను, గాలి పాక వైపు పోకుండా.

నేను గుమ్మం అవతల నుంచే చూసేదాన్ని. తడిగుడ్డ పెట్టేది, దగ్గినప్పుడు వీపు నిమిరేది. వాడు సగం తాగి వదిలేసిన గంజి పారెయ్యడానికి మనసొప్పక తనే తాగేసేది. వినోద్ నాలుగైదు రోజులకి లేచి కూర్చుని చేపల పులుసు అడిగాడు. "సూసినావా? ఇంతోటి దానికి టీవీవోళ్లు ఎంత యాగీ సేసినారో," అని మా ఆయన నా మీద ఎగిరాడు. నేనూ నవ్వాను. పాకలో మా అత్త తుమ్మనైనా తుమ్మలేదు. ఆ ఏటికి గండం గడిచిందనే అనుకున్నాను.

మర్నాడు తులసి మూలుగుతూ లేచింది.

ఎవరూ కంగారు పడలేదు. పాకలో నుంచి మా అత్త, "ఆడు లేసినాడు కదా, అదీ లేస్తాది," అంది. గంజి మోసే మనిషిని కాబట్టి నేను లోపలికి పోకూడదు. వినోద్ నీరసంగానే దాన్ని చూసుకుంటున్నాడు. నేను తలుపు ఇవతల కూర్చుని బియ్యం ఏరుతూ వింటున్నాను. దగ్గు ఉన్నంతసేపూ పర్వాలేదనిపించేది. ఆ తర్వాతి రోజు పొద్దున్న దగ్గు ఆగి, వేరే చప్పుడు మొదలైంది. ఊపిరి తీసుకునే చప్పుడు. బావిలో నీళ్లు అడుగంటినప్పుడు బొక్కెన నేలకి రాసుకున్నట్టు, గరగరమని. అది ఆగుతుందేమోనని భయం, ఆగకపోతే భయం. చేతిలో చేట పక్కన పెట్టేశాను.

"తులసీ?"

"అక్కా..." అంది. మళ్లీ ఊపిరి తీసుకుంది. "గాలి... సాల్టం నేదు."

కట్టుబాటు గంగలో కలిసింది. తలుపు తోసుకుని వెళ్లిపోయాను. మంచం మీద తులసి కూర్చుని ముందుకి వంగిపోయి ఉంది, రెండు చేతులూ మంచంపట్టె మీద ఆనించి. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. వినోద్ దాని వెనక నిలబడి నా వైపు చూశాడు, వాడి మొహంలో నెత్తురు లేదు. "వదినా, పడుకోబెడితే ఊపిరి ఆడటం నేదు," అన్నాడు. నేను దాని పొట్టమీద చెయ్యి వేశాను. లోపల పసిది కదిలింది. ఆ కదలికకి నాకు ధైర్యం రావాలి. రాలేదు. ఇద్దరూ పోతారని ఆ నిమిషంలో నాకు గట్టిగా అనిపించింది.

మా అదృష్టమో ఏమో, చుట్టుపక్కల జ్వరాలెక్కువయ్యాయని ఆ పొద్దున్నే ప్రభుత్వ జీపు వచ్చింది. అందులో డాక్టరమ్మ అర్చన ఉంది, రాజాంలో కిరాణా వర్తకుల అమ్మాయి. ఆవిడ ముందు పాక దగ్గర ఆగిందట. ముసలివాళ్లందరూ బాగున్నారని చూసి మెచ్చుకుని, మా ఆయన తులసి సంగతి చెప్పగానే ఆయన వెంట పరుగులాంటి నడకతో మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో తులసిని చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసింది. ఏమీ చెప్పకుండా ఫోన్ తీసి నూటెనిమిదికి చేసింది. ఆ తర్వాత సంచిలోంచి మాత్ర తీసి తులసి నోట్లో తనే వేసింది.

"జ్వరమొచ్చినవాడికి ఈ పిల్లే సేవ చేసిందా?" అంది.

"మా కట్టుబాటమ్మా," అన్నాను. "ముసలోళ్లకి అంటుకోకుండా."

డాక్టరమ్మ చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "మీరు చేసింది తెలివితక్కువ పనేం కాదు. ఏటా వచ్చే ఫ్లూకి అదే మంచిది. ఇదీ, అదీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. అదే దగ్గు, అవే ఒళ్లునొప్పులు, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. కానీ ఇది కొత్తది. వయసువాళ్ల ఒళ్లు దీన్ని ఎప్పుడూ ఎరగదు. ముసలివాళ్లు చిన్నప్పుడెప్పుడో ఇలాంటిదే చూసి ఉంటారంటున్నారు, వాళ్లకి అంతగా రావడం లేదు. కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం..." అని తులసిని చూసి ఆపేసింది.

"మరి ఏటా వచ్చేదానికే ఎక్కువమంది పోతారని సెప్పినారు కదమ్మా, టీవీలో?" అన్నాడు మా ఆయన. గొంతు పీలగా ఉంది.

"అది అబద్ధం కాదు. ఎంతమందో చెప్పారు. ఎవరో కూడా చెప్పి ఉండాల్సింది."

ఏటా మా కళ్లెదుట దొంగ వచ్చే తలుపుకి గడియ పెట్టుకుని, ఈ ఏడు వేరే దొంగకి ఈ తలుపు మేమే తీసిపెట్టాం. నేను ఏడవలేదు. ఏడిస్తే తులసి చూస్తుంది.

అంబులెన్సు దిబ్బ ఎక్కలేక రోడ్డు మీదే ఆగింది. నులకమంచం మీద తులసిని కూర్చోబెట్టి నలుగురు మగవాళ్లు ఎత్తుకున్నారు. నేను పక్కన దాని తల పట్టుకుని నడుస్తున్నాను. అప్పుడు చూశాను, పాకలోంచి మా అత్త వస్తోంది. నోట్లో చుట్ట లేదు.

"అత్తా, రాకు!" అని అలవాటుగా అరిచాను.

"ఏటే నీ గోల? డాట్రమ్మ సెప్పింది నాకూ సేరింది. నన్ను వొగ్గేసి దీనిమీద పడిందంట. సిగ్గునేని జొరం." తులసి తల మీద చెయ్యి వేసింది. నేను అంబులెన్సు ఎక్కబోతుంటే రెక్క పట్టుకుని దింపేసింది. "నువ్వు దిగు. నీదీ వయసే. నానూ వినోదూ ఎల్తాం. ఆడికి వచ్చిపోయింది, నాకు రాదంట."

"రాదనలేదమ్మా, అంతగా రాదన్నాను," అంది డాక్టరమ్మ.

"ఏదో ఒకటి. నిప్పు నోట్లో ఎట్టుకుని తిరిగేదాన్ని, నన్నేటి సేస్తాది?"

ఎక్కి కూర్చుని, తలుపు మూసేలోగా దిబ్బమీద నిలబడ్డ ముసలమ్మలకి కేక వేసింది. "బుల్లమ్మా, మన సాపలు తీసియ్యండి! కడుపుతో ఉన్న గుంటల్ని పాకలో ఎట్టండి! జొరం మంచాలు మనోళ్లే సూడాల!"

తులసి గదిలోకి వెళ్లాను కాబట్టి డాక్టరమ్మ నాకూ మాత్రలిచ్చి, ఇంట్లోంచి కదలొద్దంది. గుమ్మంలో కూర్చుని చూశాను. ఆ సాయంత్రం ముసలమ్మలు చాపలు చంకన పెట్టుకుని పాకలోంచి పేటలోకి వచ్చారు, కడుపులతో ఉన్న పడుచులు పేటలోంచి పాకకి పోయారు. దిబ్బ మీద ఒకరికొకరు ఎదురైనప్పుడు ఎవరూ మాట్లాడుకోలేదు. మా పేటలో నలుగురు ఆడవాళ్లు ఎదురుపడి మాట్లాడకుండా పోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక ఫోన్. మోగితే భయం, మోగకపోతే భయం. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. "వదినా, గొట్టం ఎట్టినారు. మాటాడటం నేదు," అని వినోద్ ఏడ్చాడు. వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని మా అత్త, "బతికే ఉన్నాది," అంది. ప్రతిసారీ అదే మాట. బిడ్డని ఆపరేషన్ చేసి తీసిన రోజు కూడా, "ఆడగుంట. పిడికెడున్నాది. బతికే ఉన్నాది," అంది. "మరి తులసి?" అంటే, "అదీ," అంది.

తులసి దీపావళి దాటాక ఇంటికొచ్చింది. ఎముకల గూడులా ఉంది. మంచం నుంచి గుమ్మందాకా నడిస్తే ఆయాసం. కానీ వచ్చింది. పిడికెడు పిల్ల కూడా వచ్చింది. ఆ పిల్లని నా ఒళ్లో పెట్టినప్పుడు సంతోషం కంటే ముందు దాని ఊపిరి విన్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మరుసటేడు గాలి మళ్లింది. మా పక్కింటి లక్ష్మణమ్మ ఇంట్లోంచి మొదటి దగ్గు వినపడింది. పేటంతా బయటికొచ్చి నిలబడింది, ఎవరి చంకలోనూ చాప లేదు. ఏ జ్వరమిది? పాతదా, కొత్తదా? దగ్గుకి మొహం ఉండదు కదా. అర్చనమ్మకి బదిలీ అయిపోయింది. కొత్తగా వచ్చినాయన పరీక్షకి పంపితే తెలుస్తుందన్నాడు, తెలియడానికి రోజులు పడుతుందన్నాడు. అన్నాళ్లు పాక ఖాళీగా ఉంచలేం. ముసలివాళ్లనీ, బాలింతలనీ, కడుపుతో ఉన్నవాళ్లనీ అందర్నీ కుక్కితే అందులో ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది.

మా అత్త తేల్చేసింది. గుంజ పక్కన తన చోట్లో తులసికీ పిల్లకీ పక్క పరిచింది. తన పాత చాప చుట్టుకుని బయటికొచ్చింది. అదే రోజు మా ఆయనకి జ్వరం తగిలింది. "కొడుకుని నాను సూస్తాను. దేవీ, నువ్వు పాకకి గంజి మొయ్యి," అంది.

"నువ్వూ ఓ మూల కూచోరాదా అత్తా? ఏ జొరమో తెలీదు కదా."

"సోటెక్కడున్నాది? పోయినేడు ఆసుపత్రిలో దాని మంచం పక్కనే పడుకున్నాను. నాకు తుమ్మైనా వచ్చిందా? ఎల్లెల్లు, గంజి సల్లారిపోతాది."

నమ్మకంగా చెప్పింది. నేనూ నమ్మాను. తులసినీ పిల్లనీ కాపాడుకోవాలన్న భయం నన్ను అంతలా పట్టేసింది, మిగతా భయాలన్నీ మర్చిపోయాను.

మా ఆయన మూడో రోజుకి లేచాడు. ఆ పొద్దున్న మా అత్త గుమ్మంలో కూర్చుని చుట్ట చేతిలో పట్టుకుని ఉంది. వెలిగించలేదు. ఆ వెలిగించని చుట్ట చూసి గంజి తపేలా కింద పెట్టేసి దగ్గరికి పోయాను. నుదురు పట్టుకుంటే కాలిపోతోంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో పరీక్ష చేశారు. డాక్టరు కుర్రాడు, మంచివాడు, నా మొహం చూసి జాలిపడినట్టున్నాడు. కాగితం వచ్చిన రోజు నవ్వుతూ చెప్పాడు. "స్వైన్ ఫ్లూ కాదమ్మా, భయపడకండి. ఏటా వచ్చే మామూలుదే."

నేను అక్కడే గోడకి చేరబడి నేలమీద కూలబడ్డాను. పాపం, ఆయనకేం తెలుసు? పెద్దది కాదని ధైర్యం చెప్పాడు. మా మావగార్ని తీసుకుపోయినదే వచ్చిందని చెప్పాడు. ఇన్నేళ్లు ఏ దొంగ నుంచి ఆవిడని పాకలో దాచామో, వాడే ఇంట్లోకొచ్చాడని చెప్పాడు.

లోపలికి వెళ్తే మా అత్త కళ్లు తెరిచింది. ఊపిరి గరగరమంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"ఏటన్నాడు?" అంది.

దుప్పటి ఆవిడ గుండెలదాకా లాగాను.

"పాతదేనా?"

తలూపాను. మా అత్త మొహం మీద భయం కోసం వెతికాను. లేదు. భారం దిగినట్టు తల వెనక్కి వాల్చింది.

"అయితే ఇది నాదేలే," అంది. "దానిది కాదు. పాకలోకి పోదు."

మర్నాడు తెల్లారేసరికి పోయింది.

ఇప్పుడు తులసి కూతురు ఇసకలో పరుగెత్తుతుంది. ఏటా గాలి మళ్లుతుంది, ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు దగ్గుతారు. అందరూ పాక దగ్గరికొచ్చి నా మొహం చూస్తారు, పెద్దకోడల్ని కదా, చెప్పమని. కూర్మమ్మ చాప చేత్తో పట్టుకుని నిలబడతాను. ఎవరికి పరచాలో నాకు తెలియదు.